నీళ్ల ట్యాంకుల వేటగాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? (ఫోటోలు, గుర్తింపులు, కబుర్లు)

ట్యాంకుబాబు రాశారు:

అందరికీ నమస్కారం. ఈ వేదికలో రైళ్లకో థ్రెడ్ ఉంది, పక్షులకో థ్రెడ్ ఉంది, లైట్‌హౌస్‌లకు కూడా ఒకటుంది. ఓవర్‌హెడ్ ట్యాంకులకు మాత్రం లేదు. అందుకే మొదలుపెడుతున్నాను.

నాకు వాటి పిచ్చి. ప్రయాణంలో అందరూ కిటికీలోంచి కొండలు చూస్తే నేను ట్యాంకు కాళ్లు లెక్కపెడతాను. ఆరు కాళ్లదా, ఎనిమిది కాళ్లదా, ఒంటికాలిదా, పైకప్పు గుండ్రమా, చదునా, మెట్లు చుట్టూ తిరుగుతున్నాయా, నిచ్చెన నిలువుగా ఉందా. ఫోటోలు చాలానే పోగయ్యాయి. కానీ అన్నీ ఒక ఫోల్డర్‌లో కుప్పగా పడున్నాయి. వాటిని ఎలా వర్గీకరించాలో, అసలు ఏం చూడాలో తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది. ఫోటోలు కూడా పెట్టండి, ఎంత మామూలు ట్యాంకైనా సరే.

లోకవ్యవహారం రాశారు:

పక్షులంటే ఎగురుతాయి, రైళ్లంటే పరిగెడతాయి. ట్యాంకు ఎక్కడికీ పోదు కదా బాబూ! దాన్ని వేటాడడం ఏమిటి?

ట్యాంకుబాబు రాశారు:

ఎక్కడికీ పోదు కాబట్టే నాలాంటి నిదానస్తుడికి సరిపోతుంది సార్. అయినా పోవని ఎవరన్నారు? పెచ్చులూడిన పాతవాటిని కూలగొట్టేస్తున్నారు. ఫోటో తీద్దామని మళ్లీ వెళ్లేసరికి ఖాళీ స్థలం ఉంటుంది.

రింగ్‌బీమ్ రాశారు:

మంచి థ్రెడ్ మొదలుపెట్టారు బాబుగారూ. నేను మంచినీటి సరఫరా ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను. ఫోటోగ్రఫీ నాకు రాదు గానీ, ఏం చూడాలో చెప్పగలను.

ముందు కాళ్లు వదిలేసి పైపులు చూడండి. ట్యాంకు కిందికి మామూలుగా నాలుగు పైపులు దిగుతాయి. పంపు నుంచి నీళ్లు పైకెక్కేది ఇన్‌లెట్. చాలా ట్యాంకుల్లో అది పైదాకా వెళ్లి నీటిమట్టానికి పైన పడుతుంది. ఊళ్లోకి వెళ్లేది ఔట్‌లెట్. అడుగున చేరే మడ్డి లైన్లోకి పోకుండా దాని మూతి అడుగుకు కాస్త పైన ఉంటుంది. నిండాక పొర్లేది ఓవర్‌ఫ్లో. కడిగినప్పుడు మొత్తం ఖాళీ చేసేది స్కవర్ పైపు, అది అన్నిటికన్నా అట్టడుగు నుంచి మొదలవుతుంది. ఏది ఏదో గుర్తుపట్టడం వచ్చిందంటే ట్యాంకు సగం అర్థమైనట్టే. ఓవర్‌ఫ్లో కింద నేల ఎప్పుడూ తడిగా, గడ్డి పచ్చగా ఉందంటే అక్కడి ఆపరేటరు మోటారు ఆపడం మరిచిపోతున్నాడని కూడా తెలిసిపోతుంది!

ఇక ఎత్తు. నీటిమట్టం పది మీటర్లు పైనుంటే కింద సుమారు ఒక కేజీ ప్రెషర్ వస్తుంది (చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ అన్నమాట). ట్యాంకులో ఎంత నీరుందన్నది కాదు, నీటిమట్టం ఎంత ఎత్తున ఉందన్నదే ప్రెషర్‌ని నిర్ణయిస్తుంది. ట్యాంకులు ఎక్కువగా వెడల్పుగా, లోతు తక్కువగా ఉండటం గమనించారా? కారణం ఇదే. సన్నగా పొడుగ్గా కడితే నీళ్లు వాడుతున్నకొద్దీ మట్టం గబగబా పడిపోతుంది, దానితో ప్రెషర్ కూడా. వెడల్పుగా ఉంటే సగం నీళ్లు పోయినా మట్టం రెండు మూడు మీటర్లే దిగుతుంది. ఇదంతా ఎందుకంటే, జనం నీళ్లు వాడేది పొద్దున్నా సాయంత్రమూ. పంపేమో రోజంతా ఒకే వేగంతో తోడగలదు. ఆ రెంటికీ మధ్య తేడాని ట్యాంకు మోస్తుంది. ట్యాంకు లేకపోతే పొద్దుటి రద్దీకి సరిపోయేంత పెద్ద పంపు కొని మిగతా రోజంతా ఊరికే ఉంచాలి.

కొత్తలెన్స్ రాశారు:

సార్, ట్యాంకు గోడమీద అంకెలు రాసిన ఒక నిలువు పలక, దానిమీద జారే గుర్తు ఉంటుంది కదా. నేను చూసినదాంట్లో ఆ గుర్తు బాగా కిందికి ఉంది. అంటే ట్యాంకు ఖాళీ అనుకోవాలా?

రింగ్‌బీమ్ రాశారు:

తిరగేసి చదవాలి తమ్ముడూ. లోపల నీటిమీద తేలే బుడ్డికి ఒక తీగ కట్టి, పైన కప్పీ మీదుగా బయటికి తెచ్చి గుర్తుకు కడతారు. లోపల బుడ్డి పైకి లేస్తే బయట గుర్తు కిందికి దిగుతుంది. కాబట్టి కిందికి ఉంటే నిండుగా ఉన్నట్టు. తీగ తెగితే గుర్తు జారి అడుగునే ఉండిపోతుంది, అప్పుడు ఎప్పుడు చూసినా నిండుగానే కనిపిస్తుంది. అది వేరే కథ.

మబ్బురోజు రాశారు:

వర్గీకరణ గురించి అడిగారు కాబట్టి చెబుతాను. ఈ పనిని అందరికన్నా ఓపిగ్గా చేసినవాళ్లు జర్మనీకి చెందిన దంపతులు, బెర్న్డ్ బెకర్, హిల్లా బెకర్. 1959 నుంచి కలిసి పనిచేశారు. నీళ్ల టవర్లు, బ్లాస్ట్ ఫర్నేసులు, గ్యాస్ ట్యాంకులు, గని బావుల మీది ఇనుప చట్రాలు, అన్నీ ఒకే పద్ధతిలో తీశారు. పెద్ద ఫార్మాట్ కెమెరా (పెద్ద సైజు ఫిల్ము వేసేది), బ్లాక్ అండ్ వైట్. మబ్బు పట్టి నీడలు పడని రోజే బయల్దేరేవారు. మనుషులుండరు, నాటకీయమైన ఆకాశం ఉండదు. వస్తువు నడిమధ్యన నిటారుగా నిలబడుతుంది. ఆ ఫోటోల్ని తొమ్మిదో పన్నెండో పదిహేనో చొప్పున వరుసలుగా పేర్చి ఒకే చట్రంలా చూపిస్తారు.

అలా పక్కపక్కన పెట్టగానే ఏమవుతుందంటే, విడిగా చూస్తే మామూలుగా అనిపించిన ట్యాంకులో తేడాలు బయటపడతాయి. దీని కప్పు మొనతేలి ఉంది, దానిది చదును. దీనికి కాళ్ల మధ్య అడ్డకమ్ములు ఏటవాలుగా ఉన్నాయి, దానికి అడ్డంగా ఉన్నాయి. 1990 వెనిస్ బియనాలేలో (ఇటలీలో జరిగే పెద్ద అంతర్జాతీయ కళాప్రదర్శన) వీళ్లకు బహుమతి ఇచ్చింది శిల్పకళ విభాగంలో! ఫోటోలు తీసినవాళ్లకు శిల్పులకిచ్చే బహుమతి.

కాబట్టి బాబూ, నా సలహా ఇదీ. ఫోల్డర్లు ఊరిపేర్లతో పెట్టకండి, ఆకారంతో పెట్టండి. తీసేటప్పుడు ప్రతి ట్యాంకునూ ఒకే కొలతలో, ఫ్రేములో ఒకే చోట, ఒకే రకం వెలుగులో తీయండి. ఎండరోజు తెల్ల ట్యాంకు ఫోటో తీస్తే ఒకవైపు కాలిపోతుంది, రెండోవైపు నల్లబడుతుంది. ఆకారం కనిపించదు.

సంజెవెలుగు రాశారు:

మబ్బురోజు గారూ, మీరు చెప్పిన పద్ధతిని గౌరవిస్తాను. కానీ అందరం బెకర్లలాగే తీస్తే చివరికి అందరి దగ్గరా ఒకే ఫోటో ఉంటుంది.

నేను ట్యాంకుని ఒంటరిగా తీయను. దాని నీడలో సైకిల్ ఆపుకున్న మనిషి, మెట్లమీద ఆడే పిల్లలు, స్తంభాలకు కట్టిన గేదె, కింద బ్యాడ్మింటన్ కోర్టు, ఎన్నికలప్పుడు వేసి సగం చెరిగిన రంగు రాతలు. ట్యాంకు కింద నీడ రోజంతా తిరుగుతుంది, దానితోపాటు మనుషులూ జరుగుతారు. అదే నా ఫోటో. మనుషుల్ని తీసేస్తే మిగిలేది ఇంజినీరింగ్ డ్రాయింగే కదా.

మబ్బురోజు రాశారు:

> మనుషుల్ని తీసేస్తే మిగిలేది ఇంజినీరింగ్ డ్రాయింగే కదా

డ్రాయింగు అయితే మాత్రం తప్పేముందమ్మా? మనిషి ఫ్రేములోకి రాగానే కన్ను మనిషి మీదికే పోతుంది. అంతే, ట్యాంకు పరదా అయిపోతుంది. మీరు తీసేది మనుషుల ఫోటోలు, అద్భుతంగానే తీస్తారు. ఈ థ్రెడ్ ట్యాంకులది.

సంజెవెలుగు రాశారు:

ట్యాంకు కట్టింది ఎవరికోసమో ఒకసారి ఆలోచించండి మరి :)

రింగ్‌బీమ్ రాశారు:

ఇద్దరూ ఆగండి. మా డిపార్ట్‌మెంటులో ఫోటో అడిగితే రెండూ కావాలనేవాళ్లం. దగ్గర్లో మనిషి నిలబడితే తప్ప ట్యాంకు ఎంతుందో తెలియదు, మనిషి అడ్డం లేకపోతే తప్ప పగుళ్లు కనిపించవు.

కొత్తలెన్స్ రాశారు:

నా దగ్గర ఫోన్ మాత్రమే ఉంది. ఎంత జాగ్రత్తగా తీసినా ట్యాంకు వెనక్కి వాలిపోతున్నట్టు వస్తోంది. కాళ్లు కింద విశాలంగా, పైన దగ్గరికి వచ్చేస్తున్నాయి. ఫోన్ మారిస్తే సరిపోతుందా?

మబ్బురోజు రాశారు:

ఫోన్ తప్పు కాదు, కెమెరాని పైకెత్తడమే కారణం. కెమెరా నిటారుగా ఉన్నంతసేపూ నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి, మూతి పైకి తిప్పగానే దగ్గరికి జరుగుతాయి. కాబట్టి దూరం వెళ్లండి. ట్యాంకు ఎత్తుకు కనీసం రెండింతల దూరం, మూడింతలైతే ఇంకా మంచిది. అక్కడి నుంచి టెలీ లెన్స్ వాడండి, ఫోన్‌లో రెండు రెట్లు, మూడు రెట్లు అని ఉంటుందే, అది. వైడ్ యాంగిల్ ఈ పనికి శత్రువు. తెరమీద గ్రిడ్ పెట్టుకుని స్తంభాన్ని గీతతో సరిచూసుకోండి.

వీలైతే ఎదురుగా ఉన్న మేడ ఎక్కండి. ట్యాంకు ఎత్తులో సగం ఎత్తున నిలబడితే కెమెరా వంచే పనే లేదు. బెకర్లు కూడా నిచ్చెనలూ పరంజాలూ ఎక్కి తీసేవారు. కెమెరాలున్నవాళ్లకు షిఫ్ట్ లెన్స్ అని ఒకటుంది, కెమెరాని కదపకుండా లెన్సును మాత్రం పైకి జరపొచ్చు. ఖరీదు ఎక్కువ. సాఫ్ట్‌వేర్‌లో కూడా సరిచేయొచ్చు గానీ అంచులు కోతకు పోతాయి, అందుకని తీసేటప్పుడే చుట్టూ ఖాళీ వదలండి.

మరో మాట, పోలరైజర్ ఫిల్టర్ వాడి ఆకాశాన్ని ముదురు నీలం చేయాలనిపిస్తుంది. వెడల్పాటి లెన్సుతో చేస్తే ఆకాశం ఒకవైపు ముదురుగా, ఒకవైపు లేతగా మరకలు పడుతుంది.

పటాలపిచ్చి రాశారు:

ఫోటోతోపాటు నాలుగు వివరాలు రాసి పెట్టుకోండి దయచేసి. తేదీ, స్థానం, కాళ్ల సంఖ్య, ట్యాంకు మీద రాసున్నదంతా. చాలాచోట్ల సామర్థ్యం, స్టేజింగ్ ఎత్తు (నేల నుంచి ట్యాంకు అడుగుదాకా), కట్టిన సంవత్సరం ట్యాంకు మీదే రాసి ఉంటాయి. రంగు వేసినప్పుడు అవి పోతాయి. మీ ఫోటో ఒక్కటే సాక్ష్యం.

రాసి లేకపోతే లెక్క కట్టొచ్చు. ట్యాంకు శిఖరం సరిగ్గా 45 డిగ్రీల కోణంలో కనిపించేదాకా వెనక్కి నడవండి (కోణం చూపే యాప్‌లు ఉన్నాయి). ట్యాంకు నడిమధ్య నుంచి మీరు నిలబడ్డ చోటికి ఉన్న దూరానికి మీ కంటి ఎత్తు కలిపితే అదే ట్యాంకు ఎత్తు. నేల చదునుగా ఉండాలి సుమా. నిలువు నిచ్చెన ఉంటే ఇంకా సులువు, మెట్టుకీ మెట్టుకీ మధ్య సాధారణంగా 30 సెంటీమీటర్లు ఉంటుంది. ఫోటోలో మెట్లు లెక్కపెట్టుకోవడమే.

సామర్థ్యం కూడా అంతే. వ్యాసం 10 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు అయితే సుమారు 314 ఘనపు మీటర్లు, అంటే మూడు లక్షల లీటర్ల పైమాటే. ట్యాంకు మీద రాసిన అంకెతో పోల్చి చూసుకుంటే సరదాగా ఉంటుంది.

తీశాక ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (ఎవరైనా వివరాలు చేర్చగల ఇంటర్నెట్ పటం) పెట్టండి. అందులో నీళ్ల టవరుకు ప్రత్యేకంగా ట్యాగ్ ఉంది. ఎత్తు, సామర్థ్యం కూడా చేర్చొచ్చు.

దేశదిమ్మరి రాశారు:

నేను దేశాలు తిరిగేటప్పుడు గుడులూ మ్యూజియాలూ చూసి, మిగిలిన టైములో ట్యాంకులు చూస్తాను. మా ఆవిడ దృష్టిలో అది తలకిందుల వరస.

కువైట్ టవర్లు చాలామంది ఫోటోల్లో చూసే ఉంటారు. అవి నీళ్ల ట్యాంకులని ఎంతమందికి తెలుసు? పెద్దది 187 మీటర్లు, రెండోది 147 మీటర్లు. పెద్దదాని కింది గోళంలో సగం నీళ్లు, సగం రెస్టారెంటు. మూడోది సన్నగా సూదిలా ఉండేది, దాంట్లో నీళ్లుండవు, మిగతా రెంటికీ దీపాలు వేసే ఏర్పాటు అక్కడుంది. గోళాల మీద మెరిసేవి ఎనామెల్ పూసిన ఉక్కు పళ్లాలు, దాదాపు 41 వేలు. 1979లో జనానికి తెరిచారు. వీటికన్నా ముందే అక్కడ ఇంకో ఐదు చోట్ల గుంపులు గుంపులుగా నీలం తెలుపు చారల పుట్టగొడుగు ట్యాంకులు 31 కట్టారు. వాటి రూపకర్త స్వీడన్‌కు చెందిన సూనె లిండ్‌స్ట్రోమ్. స్వీడన్‌లోని ఓరెబ్రోలో 1958లో కట్టిన ‘స్వాంపెన్’ అనే పుట్టగొడుగు టవరు కూడా ఆయనదే. ఓరెబ్రో ఫోటో, కువైట్ ఫోటో పక్కపక్కన పెట్టి చూడండి, ఒకే చేతి పని అని తెలిసిపోతుంది. మొదట చెప్పిన మూడు కువైట్ టవర్ల రూపం మాత్రం ఆయన సహచరి మలేన్ బ్యోర్న్ గీసింది.

అమెరికాలో మరో తరహా. సౌత్ కరోలినాలోని గాఫ్నీలో హైవే పక్కన పీచ్ పండు ఆకారంలో ట్యాంకు ఉంది, 1981 నాటిది, పది లక్షల గ్యాలన్లు పడుతుంది. పండు మీది చీలికా, ఆకూ అన్నీ ఉన్నాయి. ఇల్లినాయ్‌లోని కొలిన్స్‌విల్‌లో కెచప్ సీసా ఆకారంలో ఉన్నది 1949 నాటిది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది కెంటకీలోని ఫ్లోరెన్స్ ట్యాంకు. దానిమీద ‘ఫ్లోరెన్స్ మాల్’ అని పెద్ద అక్షరాలతో రాశారు. మాల్ ఇంకా కట్టనేలేదు. లేని దాన్ని ప్రకటించడం హైవే ప్రకటనల నిబంధనలకు విరుద్ధమని అధికారులు అడ్డుపడ్డారు. మొత్తం చెరిపి మళ్లీ రాయించాలంటే ఖర్చు. అందుకని 1974లో ఇంగ్లిష్ ‘ఎమ్’ అక్షరానికి రెండు పక్కల కాళ్లు తీసేసి ‘వై’ చేశారు. ‘మాల్’ కాస్తా ‘యాల్’ అయి, ఆ ప్రాంతపు యాసలో ‘ఫ్లోరెన్స్, మీరంతా’ అని పిలిచినట్టు చదువుకునేలా మారింది. మాల్ తర్వాత కట్టారు గానీ ఎవరూ ఆ రాతని మార్చనివ్వలేదు.

లోకవ్యవహారం రాశారు:

సరే, ఇది బాగుంది. ఇంకా చెప్పండి.

దేశదిమ్మరి రాశారు:

ఇంగ్లండ్‌లోని కోల్చెస్టర్‌లో 1883లో భారీ ఇటుక టవరు కట్టారు. అక్కడి చర్చి మతాధికారి ఇంటిని అది మింగేసేలా ఉందని ఆయన విసుగుతో దానికి ‘జంబో’ అని పేరు పెట్టాడు. లండన్ జూలో ఉండి, ఆ కిందటేడే అమెరికా సర్కస్‌కు అమ్ముడుపోయిన ఏనుగు పేరది. ఎగతాళికి పెట్టిన పేరే స్థిరపడింది. అదే దేశంలో థార్ప్‌నెస్ అనే చోట 1923లో ట్యాంకుని ఎవరూ గుర్తుపట్టకూడదని చెక్కలు తొడిగి, కిటికీలు పెట్టి, పైన కప్పు వేసి గాలిలో ఇల్లులా చేశారు. హాంబర్గ్ షాంజెన్ పార్కులో 1910 నాటి టవరు 2007లో హోటల్ అయింది.

మన దేశంలో చూడాల్సింది కోల్‌కతా టాలా ట్యాంకు. 1911లో పూర్తయింది. 90 లక్షల గ్యాలన్లు, 110 అడుగుల ఎత్తున, రివెట్ల ఉక్కుతో. గుండ్రంగా ఉండదు, చదరంగా పరుచుకుని ఉంటుంది. లోపల నాలుగు గదులు, ఒకటి ఖాళీ చేసి బాగుచేస్తుంటే మిగతావి పనిచేస్తాయి. దగ్గర నుంచి చూస్తే ట్యాంకు అనిపించదు, తలమీద ఇనుప ఆకాశం. అంత వెడల్పుని ఒక్క ఫ్రేములో పెట్టడం నా వల్ల కాలేదు.

మబ్బురోజు రాశారు:

షికాగో టవరు వదిలేశారేమండీ దేశదిమ్మరి గారూ? 1869 నాటిది, 1871 అగ్నిప్రమాదంలో చుట్టూ కాలిపోయినా నిలిచింది. అందరికన్నా ప్రసిద్ధమైంది అదే.

రింగ్‌బీమ్ రాశారు:

అది ట్యాంకు కాదు కాబట్టి వదిలేసి ఉంటారు. అందులో నీళ్లు నిల్వ చేయలేదు. లోపల 138 అడుగుల ఎత్తున్న నిలువు గొట్టం ఒకటి ఉండేది, మూడడుగుల వ్యాసం. ఆవిరి పంపులు ఒక్కో తోపుకూ నీళ్లని కుదుపుతో నెట్టేవి. ఆ కుదుపు లైన్లకు తగలకుండా నీళ్లు ఈ గొట్టంలో పైకి లేచి దిగేవి. చుట్టూ ఉన్న కోటలాంటి రాతికట్టడం ఆ గొట్టానికి ముసుగు. ఇలాంటి నిలువు గొట్టాన్ని స్టాండ్‌పైపు అంటాం. అమెరికాలోనే 1860 నాటి లూయివిల్ టవరు కూడా స్టాండ్‌పైపే.

మబ్బురోజు రాశారు:

అంటే నా జాబితాలోంచి తీసేయమంటారా? ఒప్పుకోను. పేరులోనే నీళ్ల టవరు అని ఉంది!

రింగ్‌బీమ్ రాశారు:

ఉంచుకోండి, వేరే ఫోల్డర్‌లో పెట్టుకోండి. స్టాండ్‌పైపులని.

ఆకారాల గురించి ఒక్కటి చెబుతాను, ఎక్కువగా కనిపించేది కాబట్టి. కింద నుంచి చూస్తే ట్యాంకు అడుగు అంచుల దగ్గర ఏటవాలుగా లోపలికి వంగి, నడుమ గుమ్మటంలా పైకి లేచి ఉంటుంది చూడండి. దాన్ని ఇంట్జె ట్యాంకు అంటాం. జర్మన్ ఇంజినీరు ఓటో ఇంట్జె పేరు మీద, పందొమ్మిదో శతాబ్దం చివర వచ్చింది. ఏటవాలు భాగం తన బరువుతో రింగ్ బీమును (స్తంభాల తలలమీద గుండ్రంగా ఉండే దూలం) లోపలికి నెడుతుంది. నడిమి గుమ్మటం బయటికి నెడుతుంది. కొలతలు సరిగ్గా కుదిరిస్తే ఇద్దరు మనుషులు ఎదురెదురుగా భుజాలానించి నిలబడినట్టు ఆ రెండు తోపులూ ఒకదాన్నొకటి ఆపేస్తాయి. స్తంభాల మీద నిలువు బరువే మిగులుతుంది. అందుకే అంత బరువున్నా బీము సన్నగా ఉంటుంది. ఫోటో తీసేవాళ్లు దూరం నుంచి నిలువుగా ఒకటి, సరిగ్గా కింద నిలబడి పైకి ఒకటి తీయాలి. ఇంట్జెదా, చదును అడుగుదా అన్నది కింద నుంచే తెలుస్తుంది.

ఉక్కు ట్యాంకులైతే గోళంగా చేస్తారు, ఒకే పరిమాణానికి గోళానికే రేకు తక్కువ పడుతుంది కాబట్టి. ఇక వింత కావాలంటే రష్యాలో ఇంజినీరు వ్లదిమీర్ షూఖోవ్ 1896 పారిశ్రామిక ప్రదర్శనకు కట్టిన టవరు చూడండి. తిన్నని కమ్ములు ఏటవాలుగా పేర్చితే మొత్తం రూపం నడుము సన్నబడి వంపు తిరిగి కనిపిస్తుంది. ప్రపంచంలో అలాంటి కట్టడం అదే మొదటిది. పైన నీళ్ల ట్యాంకు. తర్వాత దాన్ని పొలిబినో అనే ఊరికి తరలించారు.

సంజెవెలుగు రాశారు:

రింగ్‌బీమ్ గారూ, ఒంటికాలి ట్యాంకులు, అంటే స్తంభాలు లేకుండా కింద లావుపాటి గొట్టం ఉండేవి, అవే బలమైనవనుకుంటాను. చూడ్డానికి కూడా నిండుగా ఉంటాయి.

రింగ్‌బీమ్ రాశారు:

చూపుకి అలా ఉంటాయమ్మా. 2001 గుజరాత్ భూకంపంలో అలాంటి గొట్టం కాలు ట్యాంకుల్లో చాలావాటికి అడుగు దగ్గర చుట్టూ అడ్డంగా పగుళ్లు వచ్చాయి. కొన్ని కూలిపోయాయి. పలుచటి గోడ ఒక్కటే కాబట్టి అది పగిలితే బరువు పంచుకోవడానికి రెండోది లేదు. స్తంభాలకూ వాటిని కలిపే బ్రేసింగులకూ బాగా కమ్మి వేసి కడితే ఒకటి దెబ్బతిన్నా మిగతావి కాస్త మోస్తాయి. అలా అని స్తంభాలదల్లా భద్రమనీ కాదు, కమ్మి పని సరిగ్గా లేకపోతే ఏదైనా ఒకటే.

నిర్వాహకుడు రాశారు:

థ్రెడ్ బాగా నడుస్తోంది కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నాను. ట్యాంకు ఎక్కిన ఫోటోలు ఇక్కడ పెట్టకండి, తీసేస్తాను. తుప్పుపట్టిన నిచ్చెన మెట్టు చూడ్డానికి బాగానే ఉంటుంది, కాలు పెట్టాక తెలుస్తుంది. అది జనం తాగే నీళ్లు కూడా, మూత దగ్గరికి బయటివాళ్లు వెళ్లడం చాలాచోట్ల నేరం కిందికే వస్తుంది. కంచె బయటి నుంచి తీయండి. వాచ్‌మన్ ఉంటే ముందే పలకరించండి. కాదంటే వాదించకుండా వచ్చేయండి. కాంక్రీటు పెచ్చులూడి కమ్మి బయటపడిన ట్యాంకు కిందికి ఫోటో కోసం కూడా వెళ్లొద్దు.

ట్యాంకుబాబు రాశారు:

నేనొకటి చేరుస్తాను. తేనెపట్లు. ట్యాంకు అడుగున, బాల్కనీ కింద పెద్ద తేనెటీగలు వరసగా పట్లు పెడతాయి. డ్రోన్ ఎగరేసేవాళ్లు మరీ జాగ్రత్త, ఆ చప్పుడుకి అవి ఒక్కసారిగా లేస్తే కింద ఉన్న అందరి మీదా పడతాయి. ముందు జూమ్ చేసి అడుగుభాగం చూశాకే దగ్గరికి వెళ్లండి.

సంజెవెలుగు రాశారు:

ట్యాంకుల మీద బొమ్మలు వేయిస్తున్నారు కదా ఈ మధ్య అన్నిచోట్లా. వాటి ఫోటోలు అమ్ముకోవచ్చా? ఒక పోస్ట్‌కార్డుల సెట్ చేద్దామని ఉంది.

పటాలపిచ్చి రాశారు:

దేశాన్నిబట్టి. జర్మనీలో బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్నదాన్ని రోడ్డుమీంచి తీసి అమ్ముకోవచ్చు. అమెరికాలో ఆ వెసులుబాటు భవనాలకే, గోడ బొమ్మకు చిత్రకారుడి హక్కు విడిగా ఉంటుంది. ఫ్రాన్స్‌లో 2016 నుంచి కట్టడాలు, శిల్పాల ఫోటోల్ని వ్యక్తులు వ్యాపారం కాని వాడకానికి పెట్టుకోవచ్చు, అమ్మడానికి కాదు; గోడ బొమ్మలకు ఆ వెసులుబాటు లేదు. బొమ్మ వేసిన మనిషి పేరు సాధారణంగా కింద మూలన ఉంటుంది. కనుక్కుని అడిగేయడమే అన్నిటికన్నా తేలిక.

దేశదిమ్మరి రాశారు:

చెక్క ట్యాంకుల్ని ఎవరూ తలచుకోలేదు. న్యూయార్క్ మేడల మీద కనిపించేవి. పాతవనుకుంటారు గానీ ఇప్పటికీ కొత్తవి అలాగే చేస్తున్నారు. జిగురు వాడరు. పలకల్ని నిలబెట్టి చుట్టూ ఉక్కు పట్టీలు బిగిస్తారు. మొదట నీళ్లు నింపినప్పుడు కారుతుంది. చెక్క నానిన కొద్దీ ఉబ్బి సందులు మూసుకుపోతాయి. శిల్పి రేచెల్ వైట్‌రీడ్ 1998లో అలాంటి ట్యాంకు లోపలి ఖాళీని అర్ధపారదర్శకమైన రెజిన్‌తో పోత పోసి అక్కడి ఒక మేడ మీద నిలబెట్టారు. మబ్బు రోజున దాదాపు కనిపించదు, ఎండ పడితే వెలుగుతుంది.

సంజెవెలుగు రాశారు:

చూశారా మబ్బురోజు గారూ, ఎండ కావాల్సిన ట్యాంకు కూడా ఉంది!

మబ్బురోజు రాశారు:

అది ట్యాంకు కాదమ్మా, ట్యాంకు లోపలి ఖాళీ. రింగ్‌బీమ్ గారి ప్రకారం దానికీ వేరే ఫోల్డరే.

కొత్తలెన్స్ రాశారు:

మీరు చెప్పినట్టు దూరం వెళ్లి, మూడు రెట్ల లెన్సుతో తీశాను. ఫోటో జత చేశాను. కాళ్లు నిటారుగా వచ్చాయి! ఎనిమిది కాళ్లు, మూడు వరసల బ్రేసింగులు, మెట్లు చుట్టూ తిరిగేవి. దీని పక్కనే నేలమీద సన్నగా, పొడుగ్గా ఇంకో గుండ్రటి ఉక్కు కట్టడం ఉంది, కాళ్లు లేవు, రంగు పోయింది. అదేమిటో తెలియలేదు. స్టాండ్‌పైపా?

రింగ్‌బీమ్ రాశారు:

ఫోటో బాగుంది తమ్ముడూ. పక్కదాని గురించి ఇప్పుడే చెప్పలేను. స్టాండ్‌పైపు కావచ్చు, లైన్లో నీటి దెబ్బ తట్టుకోవడానికి పెట్టిన సర్జ్ ట్యాంకు కావచ్చు, పాత ఫ్యాక్టరీ తాలూకు నూనె ట్యాంకు కూడా కావచ్చు. అడుగు దగ్గర ఎన్ని పైపులు కలుస్తున్నాయో, వాటి లావు ఎంతో, పైన మూత ఉందో లేదో కావాలి. మళ్లీ అటు వెళ్లినప్పుడు కంచె బయటి నుంచే అడుగుభాగం దగ్గరగా ఒకటి తీసి పెట్టండి.